మా ఎంపీ ఎటు వేశాడు?

లాలాపేట్‌లో ఉండేవాడికి ఎంపీని నిలదీయాలనిపిస్తే, ముందు ఏ ఎంపీనో తేల్చుకోవాలి. విజయ డెయిరీ చుట్టుపక్కల గల్లీలవాళ్లం సికింద్రాబాద్ లోక్‌సభ ఓటర్లం. ఆటో ఎక్కి నాచారంలో దిగితే అక్కడివాళ్లది ఉప్పల్ అసెంబ్లీ, మల్కాజ్‌గిరి లోక్‌సభ. తిరిగే రోడ్లు ఒకటే, ఇరుక్కునే ట్రాఫిక్ ఒకటే, ఎంపీలు మాత్రం వేరు. ఎన్నికల నెలలో రెండు నియోజకవర్గాల మైకులూ చెవిలో కలిసి మోగుతాయి. ఫ్లైఓవర్లు, నాలాలు, పింఛన్లు, గ్యారంటీలు, గుళ్లు అన్నీ వినిపిస్తాయి. అయిదేళ్లు ఢిల్లీలో కూర్చుని ఏ చట్టానికి ఔనన్నారో, దేనికి కాదన్నారో మాత్రం ఏ మైకూ చెప్పదు. మనమూ అడగం.

నాకు అడగాలనిపిస్తుంది. అందులోనూ ఒక రకం చట్టాల గురించి. దేశ భద్రత పేరుతో వచ్చేవి, మనిషిని పట్టుకుంటే బెయిలు దొరకడమే గగనమయ్యేవి, నేరం రుజువు కాకుండానే ఏళ్లు గడిచిపోయేవి. వీటికి చేయెత్తినవాణ్ని మెచ్చుకోవాలా, తప్పుపట్టాలా? పౌరహక్కుల వాళ్లకూ, కరడుగట్టిన దేశభక్తులకూ జవాబు ముందే తెలుసు. మధ్యలో ఉన్న నాబోటివాళ్లకే చిక్కు.

మా గల్లీలో ఒకాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. వయసులో నాకంటే పెద్ద, అన్నా అని పిలుస్తాను. ఈ మాట ఎత్తితే చాలు, చాయ్ కప్పు పక్కన పెట్టేస్తాడు. "దేశముంటెనే గద సారూ హక్కులు? దిల్‌సుఖ్‌నగర్‌ల బాంబులు పేలిననాడు నీ హక్కులేడికి వొయినయ్?"

ఆ ప్రశ్నను కొట్టిపారేసేవాళ్లను నేను నమ్మను. ఉప్పల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఎంత దూరమని! 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ సైకిళ్లకు కట్టిన బాంబులు పేలి 18 మంది పోయారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, మిర్చీబజ్జీల బండి దగ్గర ఆగినవాళ్లు. అంతకు ముందు 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో 40 మందికి పైగా చనిపోయారు. దిల్‌సుఖ్‌నగర్ కేసును జాతీయ దర్యాప్తు సంస్థ, అదే ఎన్ఐఏ, చేపట్టింది. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు అయిదుగురికి మరణశిక్ష వేసింది, 2025లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. అంటే ఆ సంస్థ ఉత్తిపుణ్యానికి పుట్టలేదు. పుట్టించిన చట్టానికి ఓటేసినవాడు తప్పు చేశాడని నేననలేను.

కానీ అదే ఊళ్లో ఇంకో కథ కూడా ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో మరో 5 మంది చనిపోయారు. పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. కొందరిని జైల్లో పెట్టారు. కేసులు కోర్టులో నిలవలేదు. ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లలో 20 మందికి తలా 3 లక్షలు పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వునూ కొట్టేసింది. దర్యాప్తు తరువాత వేరే దిక్కుకు మళ్లి, వేరేవాళ్లను నిందితులుగా నిలబెట్టింది. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు వాళ్లనూ నిర్దోషులంది. చివరికి చనిపోయినవాళ్ల ఇళ్లకు న్యాయమూ దక్కలేదు, జైలుకెళ్లినవాళ్ల ఇళ్లకు పోయిన కాలమూ తిరిగి రాలేదు.

అందుకే, స్వేచ్ఛనూ భద్రతనూ తక్కెడలో వేసి తూచాలనే మాట వింటే నాకు అనుమానం వస్తుంది. ఒక పళ్లెంలో పెట్టేది నా భద్రత. రెండో పళ్లెంలో పెట్టేది చాలాసార్లు నా స్వేచ్ఛ కాదు, చార్మినార్ దగ్గరి కుర్రాడిది, ములుగు అడవి పక్క ఊళ్లో ఉన్నవాడిది. ఎదుటివాడి బియ్యంతో నా అప్పు తీర్చుకుంటూ ఎంత ఉదారంగా తూచానో అని మురిసిపోవడం తేలికే. అన్నతో ఈ మాటంటే, "తప్పు జెయ్యనోనికి భయమెందుకు?" అన్నాడు. తార్నాక దాటి ఉస్మానియా క్యాంపస్‌లోకి పోతే ఆ ప్రశ్నకు వేరే జవాబు దొరుకుతుంది. 2020 జనవరిలో తెలుగు శాఖ అధ్యాపకుడు చింతకింది కాశీంను క్యాంపస్ క్వార్టర్స్‌లో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే ఉపా, కింద అరెస్టు చేశారు. మర్నాడు ఆదివారం. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఇంట్లోనే విచారణ జరిగింది. కొన్ని నెలలకు కాశీం బెయిలు మీద బయటికొచ్చారు. తరువాతి కాలంలో ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యారు. ఆయన భావాలతో నాకు ఏకీభావం ఉందా లేదా అన్నది ఇక్కడ అనవసరం. ప్రభుత్వం కంటికి ఒకనాడు ప్రమాదకారి, ఇంకొకనాడు అదే ప్రభుత్వ విద్యాలయంలో ప్రిన్సిపల్.

సరే, ఎంపీల దగ్గరికి వద్దాం. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇదంతా చాలా సులువు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత పేట్రియాట్ చట్టం వచ్చినప్పుడు వాళ్ల సెనేట్‌లో 98 మంది ఔనన్నారు, ఒక్కడు కాదన్నాడు. ఆ ఒక్కడి పేరు రస్ ఫైన్‌గోల్డ్. ఇవాళ డాలస్‌లో కూర్చున్న తెలుగు కుర్రాడు ఫోన్ తీసి తన సెనేటర్ ఏ బిల్లుకు ఎటు వేశాడో నిమిషంలో చూసుకోగలడు. మా మేనల్లుడు ఒకసారి నాకలా చూపించి, "మీ ఎంపీది చూపించు మావయ్యా" అన్నాడు. హాజరు శాతం చూపించాను. అడిగిన ప్రశ్నల సంఖ్య చూపించాను. "ఓట్లేవీ?" అన్నాడు.

మన దగ్గర చాలా బిల్లులు మూజువాణి ఓటుతో పోతాయి. ఔననేవాళ్లు ఔనంటారు, కాదనేవాళ్లు కాదంటారు, ఎవరి గొంతు పెద్దదో స్పీకర్ విని చెబుతారు. ఎవరైనా సభ్యుడు లేచి డివిజన్ కావాలంటేనే పేర్లు నమోదవుతాయి. 2008 డిసెంబరులో, ముంబయి దాడులు జరిగి నెల తిరగకుండానే, ఎన్ఐఏ చట్టమూ ఉపా సవరణలూ లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే గట్టెక్కాయి. ఆరోపణ పైకి నిజమనిపిస్తే బెయిలు ఇవ్వకూడదన్న నిబంధన, ఛార్జిషీటు లేకుండా 180 రోజుల దాకా లోపల ఉంచే వెసులుబాటు అప్పుడే వచ్చాయి. ఇవాళ ఉపా అంటే మనకు గుర్తొచ్చేదల్లా ఆ సవరణే. అప్పుడు మా సికింద్రాబాద్ ఎంపీ కాంగ్రెస్‌కు చెందిన అంజన్‌కుమార్ యాదవ్. మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానానికి అప్పటికింకా ఒక్క ఎన్నికా జరగలేదు. అంజన్‌కుమార్ గారు ఆ రోజు ఔనన్నారా, మౌనంగా ఉన్నారా? ఆయన పేరు పక్కన ఓటు రాసిన కాగితం లేదు.

పేర్లు రాసిన రోజు ఎలా ఉంటుందో 2019 జులై 15న చూశాం. అదీ ఎన్ఐఏ బిల్లే, దాని అధికారాలు పెంచే సవరణ. ఆ రోజు చర్చ ఢిల్లీలో జరిగినా నడిచిందంతా హైదరాబాద్ చుట్టూనే. బిల్లును నడిపించిన హోంశాఖ సహాయమంత్రి కిషన్‌రెడ్డి, మా ఎంపీ. ముంబయి మాజీ పోలీసు కమిషనర్ సత్యపాల్ సింగ్ హైదరాబాద్ పోలీసుల మీద రాజకీయ ఒత్తిడి గురించి ఏదో అంటే, హైదరాబాద్ ఎంపీ ఒవైసీ లేచి ఆధారం చూపమన్నారు. హోంమంత్రి అమిత్ షా కలగజేసుకుని, వినడం కూడా అలవాటు చేసుకోమన్నారు. చివరికి ఒవైసీ డివిజన్ అడిగారు. హోంమంత్రి కూడా కానీయండన్నారు, ఎవరు ఉగ్రవాదం వైపో ఎవరు కాదో దేశానికి తెలిసిపోతుందని. తేలిన లెక్క: 278 ఔను, 6 కాదు.

ఆ సంఖ్యను చాలామంది ఒవైసీ ఓటమిగా చదివారు. నాకు అలా అనిపించలేదు. ఆయన రాజకీయాల్లో నాకు మింగుడుపడనివి బోలెడు. పైగా ఎన్నడూ హోంశాఖ నడపాల్సిన అవసరం రాని చిన్న పార్టీకి కాదనడం పెద్ద కష్టమూ కాదు. అయినా ఆ రోజు ఆయన 284 మంది చేత పేరు రాయించారు. ఓటరుగా నాకు అది చేసిపెట్టిన పని. హోంమంత్రి అదే పనిని ఇంకో రకంగా వాడుకున్నారు. బిల్లులో ఫలానా నిబంధన బాగాలేదని చెప్పదలిచినవాడు కూడా ఉగ్రవాది పక్కన కూర్చోవాల్సి వచ్చేలా గీత గీశారు. అలాంటి గీత ముందు ఎంతమంది చేయెత్తగలరు? తొమ్మిది రోజులకు ఉపా సవరణ వచ్చింది. సంస్థలనే కాదు, ఒంటరి మనిషిని కూడా ఉగ్రవాది అని ప్రకటించవచ్చంది. 287 ఔను, 8 కాదు. కాంగ్రెస్ వాకౌట్ చేసింది. మల్కాజ్‌గిరి ఎంపీది అప్పుడు ఆ పార్టీయే. వాకౌట్‌ను ఏ గడిలో రాసుకోవాలో నాకిప్పటికీ తెలియదు. కాదనే ధైర్యమూ లేక, ఔననే మనసూ లేక లేచి వెళ్లడమా? లేక పార్టీ పంపితే వెళ్లడమా?

పార్టీ అనేసరికి ఇంకో చిక్కు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి ఎంపీ ఓటులో ఎంపీ ఎంత, పార్టీ ఎంత అని విడదీయడం కుదరదు. అమెరికా పద్ధతిలో ఒక్కొక్క సభ్యుడికీ మార్కులు వేస్తే మన దగ్గర ఒకే పార్టీవాళ్లందరికీ ఒకే మార్కు పడుతుంది. అందుకే నేను మనిషి వెంట కాక పార్టీ వెంట, అదీ కుర్చీలో ఉన్నప్పటి పార్టీ వెంట పోయి చూడటం మొదలుపెట్టాను. చూస్తే ఎవరి బట్టలూ తెల్లగా లేవు.

బండారు దత్తాత్రేయ సికింద్రాబాద్ నుంచి నాలుగుసార్లు లోక్‌సభకు వెళ్లారు. ఎమర్జెన్సీలో మీసా కింద జైల్లో ఉన్న మనిషి. విచారణ లేని నిర్బంధం ఎలా ఉంటుందో పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేనివాడు. ఆయన కేంద్రంలో సహాయమంత్రిగా ఉన్న ప్రభుత్వమే 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటా తెచ్చింది. రాజ్యసభ తిప్పికొడితే మార్చి 26న ఉభయసభల్నీ కలిపి కూర్చోబెట్టి, అనుకూలంగా 425, వ్యతిరేకంగా 296 ఓట్లతో నెగ్గించుకుంది. కాంగ్రెస్ దాన్ని వ్యతిరేకించింది. 2004లో అధికారంలోకి వచ్చి పోటాను రద్దు చేసింది కూడా. చేస్తూనే, అందులోని ఉగ్రవాద నిబంధనల్ని పట్టుకెళ్లి ఉపాలో పెట్టింది. ఈ రెండో పనికి పెద్ద చప్పుడు కాలేదు.

నా దృష్టిలో ఆ చిన్న మార్పుకే పెద్ద ఖరీదు కట్టాం. ఎందుకంటే పోటాకు ముందున్న ఉగ్రవాద నిరోధక చట్టం టాడాకు ఒక గడువుండేది. ప్రతి రెండేళ్లకూ పార్లమెంటు మళ్లీ కూర్చుని పొడిగిస్తేనే బతికేది. 1989, 1991, 1993లలో అలా పొడిగించారు. 1995 మేలో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, పొడిగించలేదు. చట్టం దానంతటదే పోయింది. ఆ లోపు దాన్ని ఎక్కడెక్కడ ఎలా వాడారో దేశం చూసింది కాబట్టే పోయింది. పోటాకు మూడేళ్ల గడువు. ఉపాకు గడువే లేదు. 1967 నాటి శాశ్వత చట్టం. ఒకసారి అందులోకి ఎక్కిన నిబంధనను మళ్లీ సభ ముందుకు తెచ్చి, ఇది పనిచేసిందా, ఇంకా కావాలా అని అడిగే రోజు రాదు. దాడి జరిగిన వేడిలో ఒక్కసారి ఔనంటే చాలు. ఆ వేడిలో నేనైనా ఔనే అంటానేమో. రెండేళ్లు పోయాక ఏమంటానన్నదే నన్ను తూచాల్సిన రాయి. మా ఎంపీలకు ఆ రెండో పరీక్ష లేకుండా చేశారు.

ఆ పరీక్ష పెడితే వాళ్ల ముందు ఉంచడానికి అంకెలు లేకపోలేదు. 2021 ఫిబ్రవరిలో రాజ్యసభకిచ్చిన జవాబులో కిషన్‌రెడ్డి గారే చెప్పారు, 2016 నుంచి 2019 దాకా ఉపా కింద అరెస్టయినవాళ్లు 5,922 మంది, శిక్ష పడినవాళ్లు 132 మంది. మిగతావాళ్లందరూ నిర్దోషులని కాదు, విచారణ సాగుతూనే ఉన్నవాళ్లు ఎందరో. కానీ బెయిలు దొరకని చట్టంలో విచారణ సాగడమే శిక్ష.

రాష్ట్రంలో కథ ఇంతకంటే గొప్పగా ఏమీ లేదు. 2022లో ములుగు జిల్లా తాడ్వాయి పోలీసులు ఉపా కింద పెట్టిన కేసులో 152 మంది పేర్లున్నాయి. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ ఒకరు. ఏడాది దాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. 2023 జూన్‌లో బయటపడి గోల కాగానే ముఖ్యమంత్రి కేసీఆర్ కేసు ఎత్తేయమని డీజీపీకి చెప్పారు. మంచిదే. కానీ ముఖ్యమంత్రి ఒక్క మాటతో పోయే కేసు అసలు ఎందుకొచ్చినట్టు? హరగోపాల్ అంత పేరు లేనివాడి కోసం ఆ ఒక్క మాట ఎవరంటారు? పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, మరీ మనింటి సరుకు. 1986లో దొంగసారా కాసేవాళ్ల కోసం, గూండాల కోసం చేసిన చట్టంలోకి 2018లో కల్తీ విత్తనాలవాళ్లనూ, సైబర్ నేరగాళ్లనూ, నకిలీ పత్రాలవాళ్లనూ చేర్చారు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణలో ముందస్తు నిర్బంధం వాడకాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఏ అసెంబ్లీ ఎన్నికలోనైనా ఇది ప్రచారాంశం కావడం మీరు చూశారా?

ఈ మధ్య ఫోన్ ట్యాపింగ్ కేసులో బాధితుడిగా వాంగ్మూలం ఇచ్చినవాళ్లలో ఇప్పటి మల్కాజ్‌గిరి ఎంపీ ఈటల రాజేందర్ కూడా ఉన్నారు. మావోయిస్టుల కోసం పెట్టిన నిఘా విభాగాన్ని నాయకుల ఫోన్లు వినడానికి వాడుకున్నారన్నది ఆరోపణ. కోర్టులు తేలుస్తాయి. రెండో పళ్లెంలో తమ స్వేచ్ఛ కూడా పడవచ్చని నాయకులకు తెలిసొచ్చే సందర్భాలు ఇలాంటివే. ఆ తెలివి తరువాతి బిల్లు దాకా నిలుస్తుందా అన్నదే నా అనుమానం.

ఇంత ఏకరువు పెట్టాక, ఇంతకీ నీ తీర్పేమిటని అడిగితే చెబుతాను. భద్రతా చట్టానికి ఔనన్నాడని నేను ఎవరినీ తీసిపారేయను. ఔననే ముందు ఏమడిగాడో చూస్తాను. గడువు పెట్టమన్నాడా? సెలెక్ట్ కమిటీకి పంపమన్నాడా? పేర్లు నమోదు చేయమన్నాడా? తన పార్టీ కుర్చీలో ఉన్నప్పుడు కూడా ఇవే అడిగాడా? చివరి ప్రశ్నకొచ్చేసరికి నా జాబితా దాదాపు ఖాళీ. కిషన్‌రెడ్డి గారి ఓటుతో నాకు పేచీ ఉంది, కానీ ఆ ఓటేమిటో తెలుసు. అంజన్‌కుమార్ గారిది తెలియదు. తెలియని ఓటుతో పేచీ కూడా పెట్టుకోలేం.

మన స్వేచ్ఛను సభ చేతికి అప్పగించడానికి మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ దగ్గర తేలాను. రాజ్యాంగంలో 21వ అధికరణం రాస్తున్నప్పుడు, మనిషి స్వేచ్ఛను హరించాలంటే చట్టం ఏర్పరచిన పద్ధతి ఉంటే చాలా, ఆ చట్టం న్యాయమైనదో కాదో జడ్జీలు కూడా తేల్చాలా అని పెద్ద చర్చ నడిచింది. అల్లాడి మొదటి పక్షం. కొద్దిమంది జడ్జీల కంటే ప్రజలెన్నుకున్న సభను నమ్ముదాం అన్నది ఆయన వాదన. 1978 మేనకా గాంధీ తీర్పు దాకా దాదాపు ఆ పద్ధతే నడిచింది. ఆయన్ను తప్పుపట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను వాళ్లలో చేరను, ఒక షరతు మీద. నా స్వేచ్ఛను సభకు అప్పగిస్తే, సభలో ఎవరు దాన్ని ఏం చేశారో నాకు తెలియాలి.

2023 డిసెంబరు 20న భారతీయ న్యాయ సంహిత లోక్‌సభలో మూజువాణి ఓటుతో పాసైంది. ఉగ్రవాద నేరాన్ని ప్రత్యేక చట్టాల్లోంచి మామూలు శిక్షాస్మృతిలోకి కూడా తెచ్చిన చట్టం అది. ఆ సమావేశాల్లో రెండు సభల్లోనూ కలిపి 146 మంది విపక్ష సభ్యులు సస్పెండయి బయట ఉన్నారు. 2024 జులై 1 నుంచి అది ఉప్పల్ స్టేషన్‌లోనూ, లాలాగూడ స్టేషన్‌లోనూ అమల్లో ఉంది. ఎవరి పేరూ రాసి లేదు.

ఈ సంగతి అన్నకు చెప్పాను.

"మావోడు మంత్రి గద, ఔననే ఉంటడు" అన్నాడు.

"అనే ఉంటాడు కాదన్నా. అన్నాడని రాసి ఉండాలి కదా."

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నేనైతే గర్వంగ జెప్పుకుంట సారూ, మావోడు దేశం కోసం ఔనన్నడని. గది గూడ రాయకుంటె ఎట్ల మరి?" అని, ఇంకేదో గుర్తొచ్చినట్టు గొంతు పెంచాడు. "ఏటా నవంబర్ల నేను బతికే ఉన్ననని బ్యాంకుకు వొయ్యి ఏలిముద్ర వెట్టొస్త, లేకుంటె పింఛనాపుతరు. ఆళ్లకు ఒక బటన్ వత్తనీకి ఏమైంది?"